గంటగుండుకు మొదటి దెబ్బ

సున్నం కలిపింది శివలీలే. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత ఊళ్ళో ప్రతివాళ్ళూ తప్పును పక్కవాళ్ళ మీదకు నెట్టేశారు. తొట్టెడు సున్నం, తట్టెడు జాజు మోచేతుల దాకా పూసుకుని కలిపి, ఊరు అమ్మ అని మొక్కే గంటగుండు రాతికి పూత మీద పూత వేయించింది ఆమే. తెల్ల చారలు, ఎర్ర చారలు. కాస్త దూరం జరిగి చూసుకుని, అమ్మ పెళ్ళికూతురిలా ఉందని మురిసిపోయింది కూడా.

రెండు నెలల కిందట పురావస్తు శాఖ నుంచి మధులత అనే అధికారి వచ్చింది. కడప పిల్ల, నెమ్మదైన మనిషి. గుండు చుట్టూ తిరిగి, పాత సున్నం రాలిన చోట రాతి మీద చెక్కిన మూపురపు ఎద్దుల బొమ్మలు చూసి, వేల ఏళ్ళ నాటివని చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంది: "మా పెద్దసారును తీసుకొస్తాను. అంతవరకు దీన్ని ఎట్లుందో అట్లే ఉంచండి." ఊరికి ఆ మాట అర్థం కాలేదని కాదు. కానీ ఇంటికి చుట్టాలు వస్తారంటే ఇల్లు ఎట్లుందో అట్లే ఉంచే అలవాటు బూదిగుండ్లలో ఎవరికీ లేదు.

"అట్లే ఉంచమంటే?" అన్నాడు గుండుకు పూజ చేసే బసవన్న. "అంత పెద్దసారు వచ్చే దినం అమ్మను మాసిన గుడ్డతో నిలబెడదామా?"

శివలీలకు అది న్యాయంగానే తోచింది. చీపుళ్ళు, తట్టలు తీసుకుని ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని గుట్టెక్కింది.

బూదిగుండ్ల ఆలూరు నుంచి బాగా లోపలికి ఉంటుంది. ఊరికి పడమర పెద్దగుట్ట, దాని మీద పాతకోట. కోట చుట్టూ ప్రభుత్వం ఎప్పుడో కంచె వేసి, చారిత్రక ఉద్యానవనం అని నీలం బోర్డు పాతింది. కంచె పెద్దగుట్ట కాళ్ళ దగ్గరే ఆగిపోయింది. కంచెను ఆనుకుని శివలీల వాళ్ళ చేను, చేను దాటితే చిన్నగుట్ట, దాని నెత్తిన గంటగుండు. అంటే నిన్నమొన్నటి కోటకు కాపలావాడున్నాడు, అంతకంటే ఎంతో పాతదైన గుండుకు దిక్కు లేదు.

దిక్కులేనిదాని మీద కన్ను వేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఈ ఊరికి హరినాథ్ ఉన్నాడు. పెద్ద రైతు కొడుకు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఉల్లి పండిస్తాడు, ఇప్పుడు కాంట్రాక్టులు కూడా చేస్తాడు. చిన్నగుట్టను గ్రానైట్ క్వారీకి ఇవ్వమని దరఖాస్తు పెట్టాడు. "క్వారీ వస్తే మన ఊరోళ్ళు సుగ్గికి పోయే పనే ఉండదు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. వానలు తప్పిన ఏడు మూటాముల్లె కట్టుకుని, పిల్లాజెల్లాతో దూరపు జిల్లాల మిరప చేలకు, పత్తి చేలకు కూలికి పోవడమే సుగ్గి. ఆ బాధ పడలేకే శివలీల మొగుడు ఉమామహేశ్వర డోన్‌లో లారీల లోడింగు పనికి కుదురుకున్నాడు. అందుకే ఊరు రెండు మాటలుగా ఉంది.

మధులత ఆలోచన వేరు. ఉద్యానవనం హద్దును జరిపి, శివలీల చేనుతో సహా చిన్నగుట్టను లోపలికి కలిపేస్తే క్వారీ అన్న మాటే ఉండదు. చేను దున్నుకోవచ్చు గానీ ఇక అందులో బోరు వేయడానికి ఉండదు, కొట్టం కట్టుకోవడానికీ ఉండదు. శివలీల ఒక వారం ఆలోచించింది. డోన్‌కు ఫోన్ చేస్తే మొగుడు "నీ ఇష్టం, మా అమ్మ ఇష్టం" అన్నాడు. అత్త అంజనమ్మ అడ్డు చెప్పలేదు. శివలీల సరేనంది.

ఎందుకు సరేనందంటే, గంటగుండు ఊరందరిదీ అయినా మొదటి దెబ్బ ఆ ఇంటిది. ఆరుద్ర కార్తె ఎండగా దాటిపోయిన ఏడు ఆడవాళ్ళు తడిచీరలతో గుట్టెక్కి గుండును గులకరాయితో కొడతారు. అది రాయిలా మోగదు, కంచులా మోగుతుంది. ఆ మోత వింటే వాన వస్తుంది. మొదటి దెబ్బ అంజనమ్మది, ఆమెకు ముందు ఆమె అత్తది. అంజనమ్మ తర్వాత శివలీలది. శివలీల కాపురానికి వచ్చాక కరువులు వచ్చాయి, అంజనమ్మే కొట్టింది. శివలీల చేతికి ఆ గులకరాయి ఇంకా రాలేదు. తన చేతికి రాకముందే గుండు పలకలుగా తెగి లారీ ఎక్కితే, తర్వాత తను ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటి కోడలినని చెప్పుకోవాలి? ఆమె పట్టుదలంతా అదే.

పెద్దసారు హస్త కార్తెలో వచ్చాడు. ఊరంతా వెంట గుట్టెక్కింది. అంజనమ్మకు మోకాళ్ళు సహకరించక చేన్లో ఉల్లి దగ్గరే ఉండిపోయింది. హరినాథ్ కూడా వచ్చాడు, అందరికంటే ముందే చెప్పులు విడిచాడు.

పెద్దసారు గుండు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

"ఎద్దుల బొమ్మలు ఎక్కడ మధులతా?"

మధులత గుండును చూసింది, ఆ తర్వాత శివలీల చేతులను చూసింది. గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా పోలేదు. శివలీల చేతులు కొంగులో దాచుకుంది.

"ఈడనే ఉండాయి సార్," అంది. "ఈ సున్నం కింద. మేమే… మర్యాద చేసినాము."

"చెప్పాను కదమ్మా," అంది మధులత మెల్లగా. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

బసవన్న తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. పెద్దసారు మంచివాడే, కానీ చేతిలో ఉన్న పటం మీద గీత గీయాల్సినవాడు. "గీకితే బొమ్మలు కూడా పోతాయి," అన్నాడు. "మెల్లగా, పద్ధతిగా తియ్యాలి. దానికి నెలలు పడతాయి. సోమవారానికి ప్రతిపాదన వెళ్ళిపోవాలి, క్వారీ దరఖాస్తు కూడా పైన సిద్ధంగా ఉంది. మధులత తీసిన పాత ఫోటోలు చూపించి, నా కంటికి కనబడని దానికోసం హద్దు జరపమని నేను ఎలా రాసేది?"

"సార్, ఇది మోగుతుంది," అంది మధులత. "ఊళ్ళో ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. మోగడం చిత్రీకరించి పంపితే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆచారం బతికున్న చోటు కాబట్టి రేపు వీళ్ళను రావద్దనడానికీ వీల్లేదు."

పెద్దసారు మొహం వికసించింది. "అయితే కొట్టండి, విందాం."

ఆ మాటకు ఊరు ఊరంతా ఒక్క అడుగు వెనక్కి వేసింది.

గుట్ట మీద నుంచి చూస్తే కారణం కళ్ళముందే ఉంది. కింద చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. పీకిన ఉల్లిగడ్డ ఎక్కడికక్కడ మళ్ళలోనే ఆరుతోంది. నాలుగు ఎండలు తగిలితే అమ్మకం, ఒక్క వాన తగిలితే కుళ్ళు. ఏడాది కష్టమంతా అలా ఆకాశం కింద పరిచి పెట్టుకున్న వేళ ఎవరైనా వానను పిలుస్తారా?

"వద్దు సార్, ఇప్పుడు కొట్టకూడదు," అంది నాగలక్ష్మమ్మ. శివలీల చేనికి గట్టు పక్క చేను ఆమెది. ఆ గట్టు గురించి ఇద్దరికీ ఏడాదికోసారి తగువు. "ఉల్లి అంతా బయట ఉండాది."

పెద్దసారు తలెత్తి చూశాడు. "మబ్బు తునక కూడా లేదు కదమ్మా."

"కొట్టినాక వస్తాది సార్," అన్నాడు బసవన్న. "అందుకే కదా కొట్టేది."

అప్పుడు హరినాథ్ ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "పెద్దోళ్ళు మీకు తెలియనిదేముండాది సార్. అకాలంలో అమ్మను లేపితే ఊరికి అరిష్టం. హద్దు జరగకుంటే జరగకపాయె, ఆచారం తప్పేకి మాత్రం మేము ఒప్పుకోము." గొంతులో ఆ వణుకు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో గానీ, దెయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే. గుండును ముక్కలు కోసి అమ్ముకుందామనుకున్నవాడు గుండుకు అందరికంటే పెద్ద భక్తుడైపోయాడు. విచిత్రమేమంటే జనం తలలూపారు. భయం పట్టుకున్నవాళ్ళకు ఎవరు తమ మాట మాట్లాడితే వాళ్ళే పెద్దమనిషి.

శివలీలకు ఒళ్ళు మండింది. అంతసేపు తప్పు చేసినదానిలా ఒదిగి నిలబడిన మనిషి కొంగు నడుముకు దోపుకుంది.

"హరినాథా, ఒక్క మాట చెప్పప్పా. గులకరాయితో తడితేనే అమ్మకు కోపమొచ్చి వాన దింపుతాది అంటాండావు. రేపు నువ్వు మందు పెట్టి పేలిస్తే ఏం దింపుతాది? ఆ దినం యాడ దాచుకోవాల మేము ఉల్లిగడ్డ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హరినాథ్ నవ్వలేదు.

"అది వేరేక్కా. శాంతి చేయించి, అమ్మను ఇంకో తావుకు మారుస్తాము. గుడి కూడా కట్టిస్తా."

"ఈ గుట్ట మీద ఈ తావులో మోగే రాయప్పా ఇది. కోసి ఇంకో తావులో పెడితే మోగుతాదని నువ్వు రాసిస్తావా?"

జవాబు కోసం ఆగలేదు. గుండు అడుగున ఒక గూడు ఉంది, తరతరాలుగా కొట్టిన గులకరాయి అందులోనే ఉంటుంది. శివలీల వంగి చెయ్యి లోపలికి పెట్టింది.

"లీలా!" నాగలక్ష్మమ్మ కేక గుట్ట దిగి చేలకు వినబడింది. "నా ఉల్లి కుళ్ళిందంటే గంపలకెత్తుకొచ్చి నీ వాకిట్లో పోస్తా, చూసుకో!"

"పోద్దువులే చిన్నమ్మా. నాది కూడా కిందనే ఆరబోసి ఉండాది."

బసవన్న అడ్డం వచ్చాడు. ముసలాయన కళ్ళలో కోపం లేదు, దిగులే ఉంది. "మీ అత్త బతికుండంగా, ఆమె మాట లేకుండా మొదటి దెబ్బ నువ్వెట్ల కొడతావు పాపా?"

"దిగి అడిగి వచ్చేలోపల సార్లు పోతారు మామా."

"తప్పయితే?"

"తప్పయితే నాది. గుండే పోయినాక ఎవురిది తప్పని వెతుక్కొని ఏం చేసుకుంటాము?"

బసవన్న ఆమెను కాసేపు చూశాడు. "కొట్టినామె అందరి కంటే వెనక దిగాల. గుర్తుండాదా?"

గుర్తుంది. అంటే ఊరంతా దిగి ఎవరి ఉల్లి వాళ్ళు కప్పుకున్నాక గానీ ఆమె గుట్ట దిగకూడదు. చేన్లో ఉన్నది మోకాళ్ళు వంగని అత్త ఒక్కతే. శివలీల ఒకసారి కిందికి, తన చేని వైపు చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

"గుర్తుండాది," అంది.

బసవన్న పక్కకు జరిగాడు. మధులత ఫోన్ ఎత్తి పట్టుకుంది.

మొదటి దెబ్బ సిగ్గుపడేలా పడింది. చెయ్యి వణికి రాయి జారింది, ఎవరో తలుపు గొళ్ళెం తట్టినట్టు చిన్న చప్పుడు. హరినాథ్ మీసం చాటున నవ్వాడు. ఆ నవ్వు ఆమె కంటబడింది, అదే మేలు చేసింది. శివలీల గులకరాయిని గట్టిగా పట్టుకుని, ముత్తవ్వలు కొట్టి కొట్టి గుంటపడిన చోటు వేలితో వెతికి, సున్నం పెళ్ళ రాలిపోయేలా కొట్టింది.

గంటగుండు మోగింది. కంచుగంట ఆగిపోయాక కూడా గాలిలో మోత మిగిలి ఉంటుందే, అలా నిలబడింది. పెద్దగుట్టకు తగిలి కోట గోడల మీదుగా తిరిగొచ్చింది. శివలీల మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు కాదది, భయమూ కాదు. ఇంతకాలం అత్త చేతుల్లో దూరం నుంచి విన్న ధ్వని ఇప్పుడు తన భుజంలోకి, దవడల్లోకి ఎక్కుతోంది. పెద్దసారు పటం మడిచి చంకలో పెట్టుకుని, గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాడు.

జనం కూడా ఒక్క క్షణం అలాగే ఉన్నారు. తర్వాత ఎవరో "పట్టలు!" అని అరిచారు.

అంతే. ఊరంతా గుట్ట దిగి పరుగు. చీరలు ఎగదోపుకుని ఆడవాళ్ళు, పంచెలు పైకి కట్టుకుని మగవాళ్ళు, తిట్టుకుంటూ, తోసుకుంటూ, చెప్పులు చేతబట్టుకుని. చూస్తుండగానే చేలల్లో టార్పాలిన్ పట్టలు, యూరియా సంచులు, దుప్పట్లు పరుచుకుంటున్నాయి. ఎర్రటి మళ్ళు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి. ఆకాశం మాత్రం తుడిచిన పళ్ళెంలా ఉంది.

గుట్ట మీద మిగిలింది సార్లు, బసవన్న, శివలీల. ఇంకా హరినాథ్.

బసవన్న కన్ను కింద రోడ్డువార చేను మీద పడింది. ఊళ్ళోకెల్లా పెద్ద చేను, దాన్నిండా ఉల్లి, ఒక్క గుడ్డ ముక్క కూడా కప్పకుండా ఎర్రగా, నిశ్చింతగా ఎండలో పడి ఉంది.

"హరినాథా, ఆ ఉల్లి నీదే కదప్పా?"

"అవును."

"జీతగాళ్ళకు ఫోనన్నా చెయ్యలేదే?"

హరినాథ్‌కు అప్పటికే చిరాకుగా ఉంది. నోటికొచ్చిన మాట వచ్చేసింది. "ఏం మామా నువ్వు కూడా! రాయి కొడితే వాన వస్తాదా యాడన్నా?"

బసవన్న తలపాగా దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "అట్లనా," అన్నాడు. "ఇంతసేపు నీకు అమ్మంటే భయమనుకుంటిమి. నీ భయం మాకే పెట్టినావు, నువ్వు ఉంచుకోలేదు."

హరినాథ్ సార్ల వైపు చూశాడు. సార్లు గుండు వైపు చూస్తున్నారు. అతను చెప్పులు తొడుక్కుని దిగిపోయాడు. కొట్టినామె చివర దిగాలి కాబట్టి, శివలీల అందరూ దిగేదాకా ఆగి, గులకరాయిని గూట్లో పెట్టి, తన చేని వైపు చూసే ధైర్యం లేక తల వంచుకుని ఒంటరిగా దిగింది.

హద్దు మీద ఊరి మాట తీసుకునే గ్రామసభ గుట్ట కిందనే, శివలీల చేను కనబడని పక్కన, షామియానా నీడలో జరిగింది. చేను ఇచ్చేది ఆమె కాబట్టి కదలడానికి లేదు. మనసంతా చేని మీదే ఉన్నా కూర్చుంది. బసవన్న లేచి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "ఆ రోడ్డు పక్క చేను చూడండప్పా," అన్నాడు అంతే. అందరి తలలూ తిరిగాయి. ఉరికి ఉరికి ఆయాసం తీరని మనుషులు, ఒంటిమీద పైగుడ్డ కూడా చేన్లో వదిలి వచ్చినవాళ్ళు, ఎండలో హాయిగా ఆరుతున్న ఆ ఉల్లిని చూశారు. ఒక గొణుగుడు పుట్టి షామియానా అంతా పాకింది. హరినాథ్ ఉద్యోగాల గురించి మళ్ళీ మొదలుపెట్టాడు గానీ, గొంతులో ఆ వణుకు ఇప్పుడు కుదరలేదు.

"ఒక మాట సార్," అంది శివలీల లేచి. "నా చేను మీ గీత లోపలికి ఇస్తా. కానీ పాతకోటకు వేసినట్ల పొద్దుగూకితే ఈ గుట్టకు తాళం వేస్తే ఒప్పుకోను. ఆరుద్ర ఎండితే మేము ఎప్పుడైనా వస్తాము, ఎంతమందైనా వస్తాము. ఆ మాట రాయించి, చదివి వినిపించండి."

మధులత రాసింది, చదివి వినిపించింది. కొడుకులకు క్వారీలో డ్రైవరు పని వస్తుందని ఆశపెట్టుకున్న కొందరు చేతులు ఎత్తలేదు. వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. మిగతా చేతులన్నీ లేచాయి. పెద్దసారు పటం విప్పి, పెద్దగుట్ట కాళ్ళ దగ్గర ఆగిన గీతను శివలీల చేని మీదుగా సాగదీసి, చిన్నగుట్ట చుట్టూ తిప్పి తీసుకొచ్చి కలిపాడు. పైవాళ్ళు ఒప్పుకోవాలని, కానీ ఆ మోత విన్నాక కాదనేవాడెవడని అన్నాడు.

శివలీల ఇక ఆగలేకపోయింది. చేని వైపు నడక మొదలుపెట్టి, సగం దారిలో పరుగందుకుంది. ఉన్న పట్ట ఒక్కటే, అదీ చిరుగులది. అత్త దాన్ని లాగగలిగి ఉంటుందా? వాన రాకపోయినా సరే, అత్త మొహం ఎలా చూడాలో ఆమెకు తెలియలేదు. ఆమె మాట లేకుండా ఆమె దెబ్బ తను కొట్టింది.

గట్టు ఎక్కి నిలబడిపోయింది.

చేన్లో ఉల్లి ఒక్కటి కూడా కనబడలేదు. పట్ట ఒక మూల ఉంది. మిగతా మళ్ళ మీదంతా చీరలు, పంచెలు, దుప్పట్లు, ఎవరిదో కొత్త జంపకానా, బసవన్న ఇంటి పందిరి గుడ్డ, గాలికి లేవకుండా అంచులకు రాళ్ళు. నడిమధ్యన పచ్చ అంచు వంకాయరంగు చీర. పండగలకు తప్ప పెట్టె దాటని ఆ చీర ఎవరిదో ఊరందరికీ తెలుసు.

నాగలక్ష్మమ్మ గట్టు అవతల తన చేన్లో వంగి పని చేసుకుంటోంది. తల ఎత్తలేదు. "ఆ చీర రేపు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చియ్యాల," అంది. "మట్టి మరక కనబడిందంటే ఊరుకోను."

శివలీల తలూపింది.

చేని మూలన అంజనమ్మ కాళ్ళు చాపుకుని, పట్ట అంచు మీద తనే రాయిలా కూర్చుని ఉంది. కోడలు వచ్చి ఎదురుగా నిలబడితే కళ్ళు చికిలించి చూసింది.

"అత్తా, నిన్ను అడగకుండానే…"

"మొదటి దెబ్బ శానా మెత్తగా పడిందే," అంది అంజనమ్మ. "ఈడికి ఇనపడలేదు. రెండోది కొట్టినాకనే తెలిసింది నాకు."

"చెయ్యి వణికింది అత్తా."

"వణుకుతాది. నాకూ వణికింది." ముసలామె చెయ్యి చాపింది. శివలీల పట్టుకుని లేపింది. లేచి, కోడలి భుజం వదలకుండా చిన్నగుట్ట వైపు తలతిప్పింది. తెల్ల చారలు, ఎర్ర చారలతో గంటగుండు ఎండలో మెరుస్తోంది. "వచ్చే ఆరుద్ర ఎండితే నువ్వే ఎక్కు. మొదటిదే గట్టిగా కొట్టు, నేను ఈ చేన్లోనే కూచోని ఇంటా."